బతికొచ్చినవాళ్ల మాట

రామ్‌చందర్ యాదవ్ సైన్యంలో వైర్‌లెస్ ఆపరేటర్. మాటను ఒకచోటి నుంచి ఇంకోచోటికి చేర్చడమే ఆయన పని. 1962 నవంబరు 18న, చైనాతో యుద్ధంలో, లద్దాఖ్‌లోని రెజాంగ్ లా కనుమ దగ్గర, కడుపులో తూటాలు దిగిన మేజర్ షైతాన్ సింగ్ ఆయనకు అప్పజెప్పిన ఆఖరి పని కూడా అదే. తనను అక్కడే వదిలేసి వెళ్లమన్నాడట మేజర్. కంపెనీ ఎలా పోరాడిందో బెటాలియన్‌కు చెప్పమన్నాడట. రామ్‌చందర్ మంచులో పడుతూ లేస్తూ కొండ దిగి వచ్చాడు, చెప్పాడు. వినాల్సినవాళ్లు విన్నారు గానీ నమ్మలేదు.

ఇప్పుడు నమ్మనివాళ్లు లేరు. చుషూల్‌లో స్మారకం ఉంది, హర్యానాలోని రేవాడీలో ఇంకోటి ఉంది. 2025 నవంబరులో ఫర్హాన్ అఖ్తర్ మేజర్ షైతాన్ సింగ్‌గా నటించిన ‘120 బహాదుర్’ సినిమా కూడా వచ్చింది. ఏటా నవంబరు 18 రాగానే పత్రికలు, టీవీలు ఆ పోరాటాన్ని గుర్తు చేసుకుంటాయి. వాటిలో యుద్ధం ఉంటుంది, పరమవీర చక్ర ఉంటుంది. ఆ రెంటికీ మధ్య గడిచిన మూడు నెలల సంగతి మాత్రం ఒకటి రెండు వాక్యాల్లో తేలిపోతుంది. 1962 నవంబరు నుంచి 1963 ఫిబ్రవరి దాకా బతికొచ్చిన ఆ కొద్దిమందీ ఏమయ్యారు? వాళ్లను ఎందుకు అనుమానించారు? పతకాల కంటే నాకు ఈ ప్రశ్నే పెద్దదిగా కనిపిస్తుంది.

ఎక్కడి పల్లెలు, ఎక్కడి కనుమ

పశ్చిమ గోదావరిలో తాడేపల్లిగూడెం పక్కన మిలటరీ మాధవరం ఉంది. ఇంటింటా సైనికులున్న ఊరు కాబట్టి ఆ పేరు. రేవాడీ, మహేంద్రగఢ్, గుర్గావ్ ప్రాంతాల్లో అలాంటి ఊళ్లు చాలా ఉన్నాయి. 1962లో హర్యానా రాష్ట్రమే లేదు, అవన్నీ పంజాబ్‌లో ఉండేవి. అక్కడి అహీర్లు, అంటే మనం యాదవులు అనేవాళ్లు, తరతరాలుగా వ్యవసాయం, పశువులు, సైన్యం నమ్ముకున్నవాళ్లు. కుమావోన్ రెజిమెంట్ 13వ బెటాలియన్‌లోని చార్లీ కంపెనీలో దాదాపు అందరూ వాళ్లే. సుమారు 120 మంది. ఒకే ఊరివాళ్లు, ఒకరికొకరు బంధువులైనవాళ్లు అందులో ఉన్నారు. కంపెనీ కమాండర్ షైతాన్ సింగ్ మాత్రం రాజస్థాన్‌లోని జోధ్‌పూర్ ప్రాంతం మనిషి.

వేసవిలో వడగాడ్పులకు మాడిపోయే మైదానాల నుంచి వెళ్లిన ఈ కుర్రాళ్లను పదహారు వేల అడుగులకు పైనున్న కనుమ మీద నిలబెట్టారు. అక్కడ నాలుగడుగులు వేస్తే ఆయాసం. నేల గడ్డకట్టుకుని ఉంటుంది కాబట్టి మోర్చా తవ్వడమంటే రాయిని పగలగొట్టడమే. రాత్రిళ్లు సున్నాకు ఇరవై డిగ్రీలు, అంతకంటే కిందికి. ఆ చలికి తగిన బట్టలు అందరికీ అందలేదు. చేతుల్లో ఉన్నవి పాత పాయింట్ 303 రైఫిళ్లు, గుండు గుండుకీ బోల్టు లాగాల్సినవి. చలికి వేళ్లు కొంకర్లు పోతుంటే బోల్టు లాగడం ఎంత కష్టమో ఆ తర్వాత బతికున్నవాళ్లు చెప్పారు.

అంత పైన ఆ కనుమను కాపాడాల్సిన అవసరం ఏమిటి? చుషూల్ కోసం. ఆ లోయలో పద్నాలుగు వేల అడుగుల ఎత్తులో విమానాలు దిగే చోటు ఉంది. అక్టోబరు చివర్లో ఏఎన్-12 విమానాల్లో ఏఎంఎక్స్-13 ట్యాంకులను అక్కడికి మోసుకెళ్లి దించారు. అంత ఎత్తుకు ట్యాంకులు తీసుకెళ్లడం అప్పటికి పెద్ద సాహసమే. చుషూల్ పోతే లేహ్ వైపు దారి తెరుచుకున్నట్టే. అందుకే బ్రిగేడియర్ టి.ఎన్. రైనా నాయకత్వంలోని 114వ బ్రిగేడ్ లోయ చుట్టూ కొండల మీద కాపు వేసింది. ఈ రైనాయే తర్వాత 1975లో సైన్యాధిపతి అయ్యారు. ఆ కాపులో ఆగ్నేయపు కొసన, మిగతా వాళ్లకు దూరంగా ఉన్నది రెజాంగ్ లా.

దానికి ఒక పెద్ద లోటు ఉంది. మన ఫిరంగులు ఉన్న చోటికీ రెజాంగ్ లాకూ మధ్య ఎత్తయిన కొండ అడ్డం. గుళ్లు దాన్ని దాటి కనుమ మీద పడే వీల్లేదు. అంటే శత్రువు వస్తే చార్లీ కంపెనీకి వెనక నుంచి ఫిరంగి సాయం ఉండదు. ఉన్నవి తమ రైఫిళ్లు, మెషిన్‌గన్‌లు, మోర్టార్లు మాత్రమే. రెండు మూడు కిలోమీటర్ల పొడవున్న శిఖరం మీద మూడు ప్లాటూన్లు విడివిడిగా పరుచుకుని ఉన్నాయి. ఈ పరిస్థితి తెలిసే అక్కడ ఉన్నారు. ధైర్యం గురించి మాట్లాడేటప్పుడు మనం ఈ సంగతిని దాటేస్తాం. అక్కడ అంత ధైర్యం అవసరపడేలా చేసినది ఏమిటో అడగడం దేశభక్తికి తక్కువేం కాదు.

ఒక పొద్దు

నవంబరు 18, ఆదివారం. తెల్లవారకముందే చైనా సైనికులు కొండ వాగుల వెంట పైకి రావడం మొదలుపెట్టారు. మొదటి గుంపుల్ని దగ్గరికి రానిచ్చి కాల్చారు. వాగులు శవాలతో నిండాయి. ఆ తర్వాత చైనా ఫిరంగి గుళ్లు కురిపించింది. ఎదురుగా కాకుండా పక్కల నుంచి, వెనక నుంచి చుట్టుముట్టింది. గుళ్లు అయిపోయిన చోట బయొనెట్లతో, అవీ పోయాక వట్టి చేతులతో కలబడ్డారని బతికినవాళ్లు చెబుతారు.

ఇక్కడ ఒక్క మాట. ఆ రోజు చైనా వైపు ఎంతమంది పోయారన్నదానికి మన దగ్గర రకరకాల అంకెలు తిరుగుతున్నాయి. వందల్లో మొదలై వెయ్యి దాటిపోతాయి. ఏదీ ఎవరూ లెక్కపెట్టి చెప్పింది కాదు. చార్లీ కంపెనీ ఘనతకు ఆ అంకెల ఊతం అక్కర్లేదు కాబట్టి వాటిని ఇక్కడ వాడటం లేదు.

షైతాన్ సింగ్ ఒక ప్లాటూన్ నుంచి ఇంకో ప్లాటూన్‌కు తిరుగుతూనే ఉన్నాడు. చేతికి దెబ్బ తగిలింది, కట్టు కట్టించుకుని మళ్లీ తిరిగాడు. తర్వాత మెషిన్‌గన్ తూటాలు కడుపులో దిగాయి. మనుషులు ఆయన్ను మోసుకుంటూ కిందికి తెస్తుంటే శత్రువు వాళ్ల మీదే గురి పెట్టాడు. తనను ఒక బండరాయి చాటున వదిలేసి పొమ్మన్నాడు. రామ్‌చందర్ వెళ్లకుండా ఉండిపోయాడు. రాత్రి ఎనిమిదింపావుకు మేజర్ ప్రాణం పోయిందని, ఆయన చేతి గడియారం కూడా అప్పుడే ఆగిందని రామ్‌చందర్ చెప్పేవారు. గడియారం సంగతి నమ్మాలా వద్దా అన్నది పక్కనపెడితే, ఆ నిమిషం అరవై ఏళ్ల తర్వాత కూడా ఆయన నోట మారలేదు. శవం శత్రువు చేతిలో పడకూడదని మంచు కప్పి, అప్పుడు కిందికి బయల్దేరాడు.

నిహాల్ సింగ్ కథ వేరు. ఆయన మేజర్ దగ్గర ఉన్న మెషిన్‌గన్ సైనికుడు. రెండు చేతులకూ తూటాలు తగిలాయి. చైనావాళ్లు పట్టుకున్నారు. ఆ రాత్రే చీకట్లో వాళ్ల కన్నుగప్పి, రక్తం కారుతున్న చేతులతో మంచులో నడిచి మనవాళ్లను చేరుకున్నాడు. శత్రువు చేతిలో పడి తప్పించుకుని రావడం మామూలు రోజుల్లో మెడలో దండ వేయించే పని. 1962 నవంబరులో అది అనుమానానికి కారణమైంది.

నమ్మకపోవడానికి కారణం ఉంది

ఆ అనుమానాన్ని వట్టి కర్కశత్వం అనేస్తే తేలిక. ఆ రోజుల్ని కాస్త తిరగేయాలి. సరిగ్గా నవంబరు 18నే ఈశాన్యంలో, నేటి అరుణాచల్ ప్రదేశ్‌లో, మన సైన్యం చెల్లాచెదురవుతోంది. సేలా అనే గట్టి స్థావరాన్ని ముందు రాత్రే పెద్దగా పోరాడకుండా వదిలేశారు. వెంటనే బోమ్డిలా పోయింది. వేలమంది కొండల వెంట అస్సాం వైపు దిగుతున్నారు. రక్షణమంత్రి కృష్ణ మీనన్ అప్పటికే రాజీనామా చేశారు, ఆ వెంటనే సైన్యాధిపతి థాపర్ కూడా తప్పుకున్నారు. ఢిల్లీకి ఏ దిక్కు నుంచి వార్త వచ్చినా వెనక్కి తగ్గామనే వస్తోంది.

అలాంటప్పుడు లద్దాఖ్ నుంచి గాయాలతో వచ్చిన నలుగురైదుగురు జవాన్లు, మా కంపెనీ మొత్తం స్థానాలు వదలకుండా చచ్చిపోయింది, ఒక్కడూ వెనుదిరగలేదు అంటే ఎలా వినబడుతుంది? మిగతావాళ్లు ఎక్కడో బందీలుగా ఉండి ఉంటారు, వీళ్లు పారిపోయి వచ్చి కథ చెబుతున్నారు అనుకున్నారు. పిరికివాళ్లన్న మాట పడ్డామని, కోర్టు మార్షల్ బెదిరింపులు కూడా వచ్చాయని బతికినవాళ్లు తర్వాత చెప్పుకున్నారు. ఓడిన సైన్యానికి తన జవాను గెలుపు మాట అబద్ధంలా వినబడింది. ఆ ఓటమి చేసిన నష్టాల్లో దీన్నీ కలపాలి.

బందీలుగా చిక్కి మరుసటి ఏడాది తిరిగొచ్చిన నాలుగువేలమందికి దగ్గరగా ఉన్న మన సైనికులకూ ఆ అనుభవం తప్పలేదు. వాళ్లను విడిగా పెట్టి ప్రశ్నించారు. వాళ్లలో ఒకరైన బ్రిగేడియర్ జాన్ దళ్వీ తర్వాత ‘హిమాలయన్ బ్లండర్’ రాస్తే ప్రభుత్వం ఆ పుస్తకాన్ని నిషేధించింది. యుద్ధం చూసినవాడి మాట కంటే చూడనివాళ్ల దస్త్రానికి విలువ ఎక్కువగా ఉన్న రోజులవి.

1963 జనవరి 27న ఢిల్లీలో నెహ్రూ ముందు లతా మంగేష్కర్ ‘ఐ మేరే వతన్ కే లోగో’ పాడారు. ఆ పాట విని నెహ్రూ కళ్లు చెమర్చాయన్నది దేశమంతా చెప్పుకున్న కథ. ఆ పాటకు స్ఫూర్తి రెజాంగ్ లాయే అని ఇప్పటికీ చాలామంది అంటారు. తేదీలు చూస్తే చిత్రంగా ఉంటుంది. ఆ పాట మారుమోగిన సాయంత్రానికి చార్లీ కంపెనీ మంచు కిందే ఉంది. వాళ్లు ఏమయ్యారో ఎవరూ వెళ్లి చూడలేదు. చూసి వచ్చినవాళ్ల మాటను లెక్కలోకి తీసుకోలేదు.

ఫిబ్రవరి

ఆ కొండల్లో తిరిగే ఒక పశువుల కాపరి శవాలు చూశానన్నాడు. అప్పుడు రెడ్‌క్రాస్ జెండా కింద ఒక బృందం రెజాంగ్ లా ఎక్కింది. అక్కడ కనబడినదాన్ని ఇంకెవరూ వివరించాల్సిన పని లేకపోయింది. మనుషులు తమ మోర్చాల్లోనే, ఆయుధాలు చేతబట్టుకునే గడ్డకట్టి ఉన్నారు. వీపున కాదు, ఎదర గాయాలు, ఒక్కొక్కరికీ పలుచోట్ల. మోర్టార్ వేసే జవాను చేతిలో పేలని బాంబు అలాగే ఉంది. నర్సింగ్ అసిస్టెంట్ ధరమ్‌పాల్ దహియా చేతిలో సిరంజి, కట్టుగుడ్డ. వెయ్యి దాకా ఉన్న మోర్టార్ బాంబుల్లో ఏడు తప్ప అన్నీ వాడేశారు. మేజర్ బండరాయి చాటునే దొరికాడు.

రామ్‌చందర్, నిహాల్ చెప్పినదంతా నిజమని ఆ శవాలు సాక్ష్యం చెప్పాయి. ఈ మాట రాయడానికి చేయి ఆడదు, కానీ జరిగింది అదే. బతికున్నవాడు ప్రమాణం చేసి చెబితే చెల్లలేదు, చచ్చినవాడి చేతిలో బాంబు ఉంటే చెల్లింది.

జవాన్లకు చుషూల్‌లోనే సామూహికంగా దహన సంస్కారాలు చేశారు. షైతాన్ సింగ్ పార్థివదేహాన్ని జోధ్‌పూర్‌కు పంపారు. ఆయనకు పరమవీర చక్ర, కంపెనీలో పలువురికి వీర చక్రాలు, సేనా పతకాలు వచ్చాయి. బెటాలియన్‌లో చార్లీ కంపెనీ పేరే రెజాంగ్ లా కంపెనీగా మారింది. బెటాలియన్ కట్టించిన స్మారకం మీద 114 మంది లెక్క ఉంది. ఆఖరి మనిషి దాకా, ఆఖరి గుండు దాకా పోరాడారన్న మాట ఆ రాతితో పాటు దేశమంతా పాకింది.

ఆ మాట గొప్పదే. కానీ అందులో బతికినవాళ్లకు చోటు లేదు. ఆఖరి మనిషి దాకా అంటే, మరి నువ్వెలా బతికావు అన్న ప్రశ్న ఒకటి వెనకాలే వస్తుంది. ఆ ప్రశ్నతో వాళ్లు ఊళ్లలో ముసలివాళ్లయ్యారు. రామ్‌చందర్ గౌరవ కెప్టెన్ హోదాతో రిటైరయ్యారు. అదే కంపెనీలో ప్రాణాలిచ్చినవాళ్ల ఇళ్లలో ఫొటోకు దండ ఉంటుంది. అక్కడికి వెళ్లినప్పుడు బతికినవాడు ఏ ముఖం పెట్టుకోవాలి? ఇది పతకాల జాబితాల్లో కనబడని సంగతి. ఏ యుద్ధం నుంచి వచ్చినవాళ్లను కదిపినా మెల్లగా బయటపడుతుంది.

రాతి మీద పేర్లు

గుర్తింపు తర్వాత చాలానే వచ్చింది. రేవాడీలో యుద్ధ స్మారకం కట్టుకున్నది ప్రధానంగా ఆ ప్రాంతం వాళ్లే. ప్రభుత్వం కట్టేదాకా ఆగలేదు. ఢిల్లీలో జాతీయ యుద్ధ స్మారకం 2019 ఫిబ్రవరి 25న మొదలైంది. స్వాతంత్ర్యం వచ్చాక ప్రాణాలిచ్చిన పాతికవేల మందికి పైగా సైనికుల పేర్లు దాని గోడల మీద ఉన్నాయి. అంతకుముందు ఉన్నది ఇండియా గేట్. అది బ్రిటిష్ వాళ్లు తమ కోసం పోరాడి చనిపోయిన భారతీయుల పేర్లతో కట్టింది. సొంత దేశం కోసం పోయినవాళ్ల పేర్లు ఒకచోట చెక్కడానికి మనకు డెబ్భై ఏళ్లు దాటింది. 2023 జనవరి 23న అండమాన్‌లో పేరులేని 21 ద్వీపాలకు 21 మంది పరమవీర చక్ర గ్రహీతల పేర్లు పెట్టారు. అలా ఎడారి నేలలో పుట్టి మంచుకొండ మీద చనిపోయిన షైతాన్ సింగ్ పేరు బంగాళాఖాతంలో ఒక ద్వీపానికి వచ్చింది.

చుషూల్ స్మారకాన్ని పెద్దది చేసి 2021 నవంబరు 18న రక్షణమంత్రి రాజ్‌నాథ్ సింగ్ ప్రారంభించారు. 1962లో 13వ బెటాలియన్‌లో ఉండి ఆ యుద్ధం చేసిన బ్రిగేడియర్ ఆర్.వి. జతర్ చక్రాల కుర్చీలో వచ్చారు. ఆ కుర్చీని మంత్రే స్వయంగా తోసుకుంటూ తీసుకెళ్లారు. ఆ ఫొటో ఆ రోజు అందరి ఫోన్లలో తిరిగింది. ఫొటోల కోసం చేసే పనులు చాలా ఉంటాయి, నాకూ తెలుసు. అయినా దీన్ని ఆ ఖాతాలో వేయబుద్ధి కాలేదు. అక్కడ సన్మానం అందుకున్నది ఊపిరి తీసుకుంటున్న మనిషి.

సరిగ్గా అయిదు రోజుల తర్వాత, నవంబరు 23న, రాష్ట్రపతి భవన్‌లో మన సూర్యాపేట కల్నల్ సంతోష్ బాబుకు వచ్చిన మహావీర చక్రను ఆయన భార్యకు, తల్లికి అందజేశారు. 16 బిహార్ బెటాలియన్ కమాండింగ్ ఆఫీసర్‌గా ఆయన 2020 జూన్ 15 రాత్రి గల్వాన్ లోయలో, అదే లద్దాఖ్‌లో, మరో 19 మందితో కలిసి ప్రాణాలిచ్చారు. పతకం ప్రకటించడానికి ఏడు నెలలు పట్టింది. తొలి వర్ధంతికల్లా సూర్యాపేటలో విగ్రహం లేచింది. తెలంగాణ ప్రభుత్వం కుటుంబానికి అయిదు కోట్లు, భార్యకు గ్రూప్-1 ఉద్యోగం ఇచ్చింది. జరిగింది జరిగినట్టు మరునాడే దేశానికి తెలిసింది, సంతోష్ బాబు మనుషుల మాటను ఎవరూ అనుమానించలేదు. అటువైపు చైనా మాత్రం తన నలుగురు చనిపోయారని ఒప్పుకోవడానికి 2021 ఫిబ్రవరి దాకా నోరు విప్పలేదు. రెజాంగ్ లాకూ గల్వాన్‌కూ మధ్య మన దగ్గర మారినది ఇదే, చిన్న మార్పేమీ కాదు.

అయితే గుర్తింపు పెరిగేకొద్దీ దానికి వాటాదారులూ పెరిగారు. అహీర్ రెజిమెంట్ పెట్టాలని 2022లో గుర్గావ్ దగ్గర ఖేడ్కీ దౌలా టోల్ ప్లాజా పక్కన దీక్షలు జరిగాయి. దానికి ముందు పెట్టుకున్న పేరు రెజాంగ్ లా. కొత్తగా కులం పేరుతో రెజిమెంట్లు పెట్టేది లేదన్నది ప్రభుత్వం ఎప్పటినుంచో చెబుతున్న మాట. ‘120 బహాదుర్’ సినిమా వస్తోందంటే పేరు మార్చాలని, అహీర్ల పాత్ర కనబడాలని ఆందోళన జరిగింది, వ్యవహారం హైకోర్టు దాకా వెళ్లింది. కులం పేరుతో సైన్యాన్ని చీల్చుకోవడం నాకు రుచించదు. కానీ ఆ కోపం ఎక్కడి నుంచి వచ్చిందో అర్థమవుతుంది. కంపెనీ మొత్తం పోతే ఊరి పిల్లలకు కూడా మేజర్ పేరు ఒక్కటే తెలిస్తే, మిగతావాళ్ల మనవలు గొంతెత్తకుండా ఎలా ఉంటారు? సూర్జారామ్, హరిరామ్, రామ్‌చందర్ (వైర్‌లెస్ ఆపరేటర్ కాదు, ఇంకొకరు) అనే ముగ్గురు జెమదార్లు మూడు ప్లాటూన్లనూ నడిపారని మనలో ఎంతమందికి తెలుసు?

ఇంకో చిక్కు భూమి మీదే ఉంది. 2020 ఆగస్టు చివర్లో మన సైనికులు రెజాంగ్ లాతో సహా కైలాస్ శ్రేణి ఎత్తుల్ని చేజిక్కించుకున్నారు. 2021 ఫిబ్రవరి ఒప్పందంతో ఇరువైపులా వెనక్కి తగ్గాయి. ఆ తర్వాత షైతాన్ సింగ్ దొరికిన చోట ఉన్న పాత స్మారకం ఎవరూ వెళ్లకూడని బఫర్ జోన్‌లో పడిందని, అందుకే దాన్ని తీసేశారని 2023 చివర్లో చుషూల్ ప్రాంత నాయకుడు ఒకరు బయటపెట్టారు. పత్రికలన్నీ రాశాయి. పెద్ద స్మారకం కింద లోయలో భద్రంగా ఉంది, అక్కడికి పర్యాటకులు వెళ్తున్నారు, సెల్ఫీలు దిగుతున్నారు.

రామ్‌చందర్, నిహాల్ సింగ్ తాము చూసినదాన్ని 1962లోనే పూర్తిగా చెప్పేశారు. ఆ యుద్ధం ఎందుకు అలా ముగిసిందో విచారించిన లెఫ్టినెంట్ జనరల్ హెండర్సన్ బ్రూక్స్, బ్రిగేడియర్ భగత్ 1963లో ఇచ్చిన నివేదిక మాత్రం ఇంకా రహస్య పత్రమే. 2014లో నెవిల్ మాక్స్‌వెల్ అనే పాత్రికేయుడు దానిలో కొంత భాగాన్ని ఇంటర్నెట్‌లో పెట్టాడు. మిగతాది బయటపెట్టాలని పార్లమెంటులో ఎన్నిసార్లు అడిగినా, ఏ పార్టీ అధికారంలో ఉన్నా, వచ్చిన జవాబు ఒకటే.